సూరయ్య నడకకు గడియారం పెట్టిన రోజు

మొన్న నెల మొదట్లో నా పింఛను మనియార్డరుతో పాటు ఒక కాగితాల కట్ట కూడా తెచ్చాడు కూర్మారావు. మా ఊరికీ, చుట్టూ కొబ్బరితోటల్లో ఉన్న మరో అయిదూళ్ళకీ ఉత్తరాలు పంచేది ఇతనే. పనిచేసేది తపాలా శాఖకే గానీ శాఖ మనిషి కాడు. ఇతనిలాంటి వాళ్ళని ఈడీలంటారు, అంటే పూటపనివాళ్ళన్నమాట. జీతం పెంచాలని, జబ్బు చేస్తే సెలవివ్వాలని, ముసలితనంలో ఏదో ఒక ఆధారం చూపించాలని అందరూ కలిసి అర్జీ పెట్టుకుంటున్నారు. దానికి ఊళ్ళో పెద్దల సంతకాలు కావాలట. "మీరు రిటైరైన మేస్టరమ్మ గదా, మీ సంతకానికి బరువుంటాదమ్మా" అన్నాడు. నా సంతకానికి బరువుండే రోజులు ఎప్పుడో పోయాయి గానీ వినడానికి మాత్రం బాగానే ఉంది. కళ్ళజోడు తుడుచుకుంటూ, రోజూ నీకెంతసేపు పడుతుందిరా అని అడిగాను. "అర్జీలో అయితే దినమంతా పడతాదనే రాసేమమ్మా. ఆళ్ళందరికీ పడతాది కూడాను. నానైతే తొమ్మిదికి సైకిలెక్కి రెండుకల్లా మొత్తం కొట్టీసి వచ్చెత్తాను. ఈ సబ్ పోస్టాపీసు కింద నాయంత బేగి పంచీవోడు ఇంకోడు లేడు" అని రొమ్ము విరుచుకున్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఇంకా రెండూళ్ళు తిరగాలమ్మా అంటున్నా వినకుండా కుర్చీ చూపించి కూర్చోమన్నాను. అతనికి చెప్పినదే ఇక్కడ రాస్తున్నాను, కాస్త వివరంగా.

నా చిన్నప్పుడు మా ఊరు గంజాం జిల్లాలో ఉండేది. ఊళ్ళో బడికి మా నాన్నే మేస్టారు, పోస్టాఫీసుకీ ఆయనే. పోస్టాఫీసంటే ఏదో అనుకునేరు. మా వీధి అరుగు మీద ఒక మేజాబల్ల, తాళం ఉన్న ఒక చెక్కపెట్టె, గోడకి కొట్టిన రేకు పలక, అంతే. బడికి ముందు ఓ గంట, తరవాత ఓ గంట ఆయన పోస్టుమేస్టరు. అరుగు మీద ఎప్పుడూ లక్క కాలిన వాసన, తడిసిన గోనె వాసన కలిసి ఉండేవి. తూర్పుగాలి తిరిగిందంటే వాటికి ఎండుచేపల వాసన తోడయ్యేది. అరుగుకి ఆ చివర మా నాయనమ్మ కూర్చునేది. చుట్టని నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని కాల్చేది, ఆ రోజుల్లో మా వైపు ఆడవాళ్ళందరిలాగే. నోట్లో నిప్పున్నా మాట ఆగేది కాదు. ఎవరింటికి ఉత్తరం వచ్చింది, ఎవరింటికి రాలేదు, రాకపోతే ఎందుకు రాలేదు అన్న లెక్కలు నాన్న కంటే ఆవిడకే బాగా తెలుసు. ఊళ్ళో సగం మంది మగవాళ్ళు రంగంలో ఉండేవారు. రంగూనుని మా వాళ్ళు రంగమనే అంటారు. బియ్యం మిల్లుల్లో బస్తాలు మొయ్యడానికి, రేవులో సరుకు దింపడానికి బారువ రేవు నుంచి ఓడెక్కి పోయేవారు. అక్కడినుంచి మనియార్డరు వస్తే ఆ ఇంట్లో పొయ్యి వెలిగేది. అందుకని పొద్దెక్కేసరికి పదిమంది ఆడవాళ్ళు అరుగు కింద ఇసకలో కూర్చుని సూరయ్య కోసం చూసేవారు.

సూరయ్య టపా మోసే రన్నరు. మా నాన్నతో వరస కలిపి నేను మావా అనేదాన్ని, ఆయన నన్ను కోడలా అనేవాడు. పలాస స్టేషనులో మెయిలు రైలు దింపిన సంచీని తెల్లవారేలోపు అందుకుని, కాశీబుగ్గ సంతబయలు దాటి, జీడిమామిడి తోటల్లోంచి, మొగలిపొదల మధ్య ఇసక దారి పట్టి, నడుంలోతు నీళ్ళ గెడ్డ దాటి మా అరుగు మీదికి తెచ్చేవాడు. పది మైళ్ళ దారి. మామూలు నేల మీద పది మైళ్ళు వేరు, మా ఉద్దానం ఇసకలో పది మైళ్ళు వేరు. ఒకడుగు వేస్తే అరడుగు వెనక్కి జారుతుంది. ఆయనకి నాలుగు గంటలు పట్టేది. వచ్చాక మూడూళ్ళలో ఉత్తరాలు పంచి, ఇంటికెళ్ళి చోడి అంబలి తాగి, ఓ కునుకు తీసి, సాయంత్రం సంచితో మళ్ళీ అదే దారిన పలాస. రాత్రి అక్కడే ఏదో కొట్టు అరుగు మీద పడక. సొంత ఇంట్లో రాత్రి పడుకునేది వారానికొక్కసారే. ఇంత చేసినా కచేరీ పుస్తకంలో ఆయనది పూటపని. వెళ్ళడానికి రెండున్నర గంటలు, రావడానికి రెండున్నర అని ఎవరో ఎప్పుడో పటం ముందు పెట్టుకుని రాసిపడేశారు. ఆ పటంలో ఇసకా లేదు, గెడ్డా లేదు.

ఆయన కర్రకి కట్టిన మువ్వలు గెడ్డ అవతల వినిపించగానే మా నాయనమ్మ ఎసరు పెట్టమని కేకేసేది. మా అమ్మ బియ్యం కడిగి పోసేసరికి సూరయ్య అరుగు దగ్గర సంచి దింపేవాడు. మా ఇంటికి గోడగడియారం వచ్చాక కూడా చాలాకాలం మా ఎసరు మువ్వలనే నమ్ముకుంది. సంచి దింపి, తలపాగా విప్పి మొహం తుడుచుకుని, ఆడవాళ్ళ వైపు తిరిగి "ఓలె, ఈరోజు రంగం మనందరి మీదా కోపంగుందే" అన్నాడంటే ఎవరికీ ఏమీ లేదని అర్థం. ఉన్న రోజైతే నవ్వు పట్టలేకపోయేవాడు. ఆయనకున్న గర్వం ఒక్కటే, సంచి ఎప్పుడూ ఆలస్యం కాలేదన్నది. ఆ మాట అనని రోజు లేదు.

ఒక వానాకాలం ఆయనకి మన్యం జ్వరం పట్టుకుంది. జ్వరమొస్తే సెలవు లేదు, తన బదులు మనిషిని తనే పెట్టుకోవాలి, కూలి కూడా తనే ఇచ్చుకోవాలి. ఇచ్చుకోవడానికేముంది? ఆయన భార్య పారమ్మత్త చీర గోచీ పోసి సంచి నెత్తిన పెట్టుకుంది. పద్దెనిమిది రోజులు మోసింది. ఆడదాని పేరు రాస్తే పైవాళ్ళు ఊరుకోరని నాన్న పుస్తకంలో రోజూ సూరయ్య పేరే వేశారు. అబద్ధం రాయడం ఆయనకి అదే మొదలు, ఆ రాతకి చాలాకాలం బాధపడ్డారు. పారమ్మత్తకి నాలుగున్నర, ఒక్కోసారి అయిదు గంటలు పట్టేది. గెడ్డలో ఒకసారి మెడలోతు నీళ్ళొచ్చాయి. సంచి మాత్రం తడవనివ్వలేదు.

జ్వరం తగ్గాక సూరయ్య మునుపటి మనిషి కాలేదు. మోకాళ్ళు పట్టేసేవి. పారమ్మత్త అన్న రంగంలో మేస్త్రీ, కూలీలని తీసుకెళ్ళేవాడు. ఆ యేడు మా ఊరొచ్చి, "బావా, ఈ ఆరు రూపాయలకి కాళ్ళరగదీసుకోడమేటి, నాతో ఓడెక్కు" అని పట్టుకున్నాడు. పారమ్మత్త ససేమిరా అంది. రంగం పోయి తిరిగిరాని వాళ్ళ పెళ్ళాలని రోజూ మా అరుగు కింద చూస్తున్న మనిషి ఆమె. మా నాన్న దగ్గరికొచ్చి, "మేస్టారూ, నెలకి ఇంకో మూడు రూపాయలు పెంచితే ఈయన్ని ఆపుకుంటాను. జ్వరమొచ్చినప్పుడు బదిలీ మనిషి కూలి ఆళ్ళే ఇస్తే మరి అడగను. మీకు ఇంగిలీసొచ్చు, మీరు రాయండి" అంది. ఓడలు కదలడానికి ఇంకా రెండు నెలలుంది. మేస్త్రీ అంతవరకే ఆగుతానన్నాడు. నాన్న మూడు రాత్రులు కూర్చుని అర్జీ రాశారు. ఇది పూటపని కాదు, రోజు పని, కావాలంటే కొలిచి చూడండి అని రాశారు. కొలిచి చూడమన్న ఆ ఒక్క వాక్యమే మా కొంప ముంచింది.

పైనుంచి జవాబొచ్చింది. ఫలానా రోజున ఇన్‌స్పెక్టరు పలాసలో దిగి సంచి తనే రన్నరుకి అందించి వెంట వస్తారు, దారికి ఎంతసేపు పడుతుందో గడియారం పెట్టి చూస్తారు, దాన్నిబట్టి జీతం. ఇంట్లో పండగలా అయింది. నాయనమ్మ ఒక్కతే చుట్ట నోట్లోంచి తీసి, "ఒరే, ఆ సూరిగాడికి సెప్పు, ఆరోజు మెల్లగా నడవమను. ఆడసలే మొనగాడు. దొర సూత్తంటే ఆడి కాళ్ళు ఆగవు" అంది. నాన్న ఒప్పుకోలేదు. "మనం అడిగేది న్యాయం. న్యాయానికి నాటకాలెందుకమ్మా? రోజూ ఎలా నడుస్తాడో అలాగే నడుస్తాడు" అన్నారు. "నీ నాయం తగలెయ్య! ఆడు రోజూలాగ నడవడ్రా అంటే ఇనవేటి?" అని మళ్ళీ చుట్ట నోట్లో పెట్టేసుకుంది. ఆ మధ్యాహ్నం నాన్న బడికి వెళ్ళగానే నన్ను పిలిచి, సూరయ్య ఇంటికెళ్ళి మెల్లగా నడవమని నేను చెప్పానని చెప్పి రమ్మంది. నాకు పదేళ్ళుంటాయి.

వెళ్ళాను. సూరయ్య మావ గుమ్మంలో కాళ్ళు చాపుకుని మోకాళ్ళకి ఆముదం రాసుకుంటున్నాడు. పారమ్మత్త లోపల చోళ్ళు విసురుతోంది. నాయనమ్మ మాట చెప్పాను. తల ఊపాడు. "అలగేలే కోడలా. నాకు మాత్రం ఆ మూడు రూపాయలు సేదా ఏటి?" అన్నాడు. అక్కడితో నేను వచ్చేసి ఉంటే సరిపోయేది. నాకు నోరు ఊరుకోదు, ఇప్పటికీ ఊరుకోదు. నాన్న అమ్మతో అంటుంటే విన్న కబురు ఒకటి కడుపులో ఉబ్బిపోతోంది. "మావా, ఇన్‌స్పెక్టరు గుర్రమ్మీద వస్తాడట తెలుసా!" అన్నాను. ఆముదం రాసుకుంటున్న చెయ్యి ఆగింది. "గుర్రమా?" అన్నాడు. "నిజంగా గుర్రమే?" అన్నాడు. లోపల తిరగలి చప్పుడు కూడా ఆగింది. ఆ రెండు ప్రశ్నలకీ నేను అవునవునని గంతులేశాను. పారమ్మత్త గుమ్మంలోకి వచ్చి నా వైపు చూసి మళ్ళీ తిరగలి దగ్గరికి వెళ్ళింది.

ఆ రోజు పొద్దున్న నేను ముగ్గు దగ్గరే ఉన్నాను. అమ్మ ఇంకా పొయ్యి రాజెయ్యలేదు. గెడ్డ అవతల మువ్వలు వినిపించాయి. నాయనమ్మ ముందు నమ్మలేదు, ఏదో ఎడ్ల బండి అనుకుంది. రోజూ టంగు టంగుమని విడివిడిగా మోగే మువ్వలు ఆరోజు ఊపిరాడకుండా మోగుతున్నాయి. "ఓలమ్మో! కొంప ముంచీసినాడ్రా!" అని అరుగు మీద కూలబడింది. సూరయ్య మావ లగెత్తుకొచ్చాడు. మోకాళ్ళ దాకా బురద, ఒళ్ళంతా చెమట, తలపాగా ఎక్కడో మొగలిపొదలకి వదిలేశాడు. అరుగు మీద సంచి దించి నిటారుగా నిలబడ్డాడు. మొహం వెలిగిపోతోంది. నాన్న గడియారం చూసి సంచి వచ్చిన వేళ పుస్తకంలో వేశారు. వేసి తలెత్తి, "ఏంటయ్యా సూరయ్యా ఇది?" అన్నారు. సూరయ్య దారి వైపు చెయ్యి చాపి, "దొరగారింకా గెడ్డకాడే ఉన్నారు మేస్టారూ. గుర్రం ఇసకలో దిగబడిపోతంది" అన్నాడు.

అరగంట తరవాత వచ్చారు ఇన్‌స్పెక్టరుగారు. మంచి మనిషే, ఆ మాట చెప్పాలి. గొలుసు గడియారం తీసి చూసుకుని, తన రాకకి కాదు, సంచి వచ్చిన వేళకే లెక్క కట్టారు. రెండున్నర గంటలకి పది నిమిషాలు తక్కువ. ఇలాంటి రన్నరుని తన సర్వీసులో చూడలేదని సూరయ్య భుజం తట్టారు. సూరయ్య వంగి దండం పెట్టాడు. గుర్రం బాగా అలిసిపోయిందని ఇన్‌స్పెక్టరుగారు అంటే నాయనమ్మ ఉలవలు ఉడికించి గుగ్గిళ్ళు పెట్టించింది. నాన్న, ఇది రోజూ నడిచే నడక కాదండీ అని ఇంగ్లీషులో ఏదో చెప్పబోయారు. ఆయన నవ్వి, నేను చూసింది రాయకుండా మీరు చెప్పింది ఎలా రాస్తానండీ అన్నారు. తప్పేముంది? న్యాయానికి నాటకాలొద్దన్న మనిషి మా నాన్నే గదా. పారమ్మత్త మా పెరటి గుమ్మం దగ్గర నిలబడి గుర్రం తింటున్నంతసేపూ దాన్నే చూస్తూ ఉంది.

నెలలోపే కాగితం వచ్చింది. పుస్తకంలో ఉన్న గంటలు సరిగ్గానే ఉన్నాయట, జీతం పెంచవలసిన అవసరం కనబడలేదట. రన్నరు చురుకుతనాన్ని మెచ్చుకుంటూ కింద ఒక వాక్యం. నాన్న దాన్ని తెలుగులో చదివి చెబితే సూరయ్య మెచ్చుకోలు మాట రెండుసార్లు చదివించుకున్నాడు. ఆ తరవాత కర్రా సంచీ అప్పజెప్పి, మేస్త్రీ వెనక బారువ రేవుకి నడిచాడు. ఆ వెళ్ళేరోజు నడక చాలా మెల్లగా ఉందని మా నాయనమ్మ చాలాకాలం అందరికీ చెప్పేది. నేను చూడలేదు. చూడ్డానికి ధైర్యం లేక వంటింట్లో కూర్చున్నాను.

ఆయన స్థానంలో వచ్చినవాడు దాలిగాడు. వట్టి బద్ధకస్తుడు, మువ్వలు బరువని విప్పేసి జేబులో వేసుకునేవాడు. మా అన్నం రోజూ వేళ తప్పింది. ఏడాదిన్నర తిరక్కుండా, ఉత్తరాలు ఆలస్యమవుతున్నాయని షావుకార్లు గోల పెడితే, మళ్ళీ దారి కొలవడానికి మనిషి వచ్చాడు. దాలిగాడికి ఎవరూ ఏమీ చెప్పలేదు. చెప్పక్కర్లేకపోయింది. అయిదు గంటలు పట్టించాడు, మధ్యలో జీడిచెట్టు కింద కూర్చుని కాళ్ళు పిసుక్కున్నాడట. వాడికి మూడు రూపాయలు పెరిగింది, బదిలీ మనిషి కూలి కూడా ఇస్తామన్నారు. నాన్న రాసిన అర్జీలో అడిగినవన్నీ అక్షరం పొల్లు పోకుండా వాడికి దక్కాయి. ఆ కాగితం మడిచి పెట్టెలో పెడుతూ నాన్న, "మీ నాయనమ్మ మాట వినవలసింది" అని నాతో అన్నారు. నేను ఏం చేశానో ఆయనకి అప్పటికీ తెలియదు. ఆ తరవాతా చెప్పలేదు.

సూరయ్య మొదటి మనియార్డరు దాలిగాడి సంచిలోనే వచ్చింది. దానితో పాటు ఎవరి చేతనో రాయించిన ఉత్తరం. నాన్న సంచి విప్పి పంచమని దాలిగాడికిచ్చి బడికి వెళ్ళిపోయారు, పారమ్మత్త ఆగలేకపోయింది. "నువ్వు సదువే" అని నాకిచ్చింది. అందరి ఉత్తరాల్లాగే ఇక్కడ క్షేమం, అక్కడ క్షేమం తెలియజేయవలెను. మిల్లులో బస్తాలు మొయ్యడం, తిండికి ఇబ్బంది లేదు, మోకాలు ఒకటి వాచింది, ఇక్కడ మనం ఎంత బేగి మోసినా చూసేవాడు లేడు. అడుగున ఇంకొక్క వాక్యం ఉంది. అక్కడ ఆగిపోయాను. "ఏటి ఆపీసినావు? సదువు" అంది పారమ్మత్త. చదివాను. "మేస్టారి పాపకి చెప్పవలసినది, గుర్రము నా వెనకనే వచ్చినది." అరుగు కింద ఆడవాళ్ళు నవ్వారు. పారమ్మత్త కూడా కాస్త నవ్వింది. నిశాని వేసి డబ్బు కొంగున ముడేసుకుని లేస్తూ, "ఎనకొచ్చిన దానికి గుగ్గిళ్ళు పెట్టేరు గదమ్మా" అంది. నన్ను తిట్టి ఉంటే నాకు ఇంత కాలం గుర్తుండేది కాదేమో. సూరయ్య ఆ తరవాత నాలుగేళ్ళు డబ్బు పంపాడు. అయిదో యేడు నాన్న రాసిన ఉత్తరం, మనిషి లేడని ఎర్రసిరాతో రాసి తిరిగొచ్చింది. ఎలా పోయాడో ఎవరూ సరిగ్గా చెప్పలేదు.

ఇదంతా కూర్మారావు కదలకుండా విన్నాడు. ఇప్పుడు మువ్వల కర్ర లేదు, సైకిలుంది. గెడ్డ మీద వంతెన పడింది, ఇసక దారి మీద తారు పోశారు. రంగం పేరు చెబితే నేటి పిల్లలకి తెలియదు. పూటపని మాత్రం పూటపనిగానే ఉంది. ఇప్పటికీ ఇతనికి జ్వరమొస్తే బదులు మనిషిని ఇతనే చూసుకోవాలట. పోయిన వానాకాలం తన బదులు పెళ్ళాం ఉత్తరాలు పంచిందని తనే చెప్పాడు. నేను కళ్ళజోడు పెట్టుకుని, కాగితాలన్నిటి మీదా నా పేరు, నేను చేసిన ఉద్యోగం పూర్తిగా రాసి సంతకాలు పెట్టాను. అప్పుడు చెప్పవలసిన మాట ఇప్పుడైనా చెప్పాలనుకున్నాను. "ఒరే, పైనుంచి ఎవరైనా వచ్చి నీ పని కొలిస్తే, నాలుగింటి దాకా ఇంటికి రాకు. నీ స్పీడు గురించి ఎవరి దగ్గరా ఎత్తకు. తెలిసిందా?" అన్నాను. "తెలిసిందమ్మా, ఎందుకు తెలీదు" అని బుద్ధిగా తలాడించి, కట్ట సంచిలో పెట్టుకుని మెట్లు దిగాడు. సైకిలు స్టాండు తీసి, ఒక కాలు పెడలు మీద పెట్టి, ఏదో జ్ఞాపకం వచ్చినట్టు ఆగి వెనక్కి తిరిగాడు. కళ్ళు మెరుస్తున్నాయి.

"ఇంతకీ అమ్మా, ఆ గుర్రం ఎంత ఎనకొచ్చిందన్నారు?"

"అరగంట," అన్నాను.